తరతరముల సొమ్ము

తెలుగున 'సొమ్ము' అను మాటకు రెండర్థములు గలవు. ధనమొకటి, నగ యొకటి. "వారింట తాతల నాటి సొమ్మున్నది" అని యెవరైన పలికినచో, అది పెట్టెలోని రూపాయలో, పెండ్లినాడు వధువు మెడలో వేసిన కాసులపేరో, వినువారే గ్రహించుకొనవలెను. పాత యిండ్లలో ఈ రెంటికిని చెందని సొమ్ము మరియొకటి గూడ కానవచ్చును. ఇత్తడి గంగాళము, ఎద్దు మెడలోని మువ్వల పట్టెడ, నున్నగా అరిగిన కవ్వము మొదలగునవి యట్టివి. వీనిని సంతలో అమ్మినచో వచ్చు పైకము స్వల్పము. ఐనను ఇంటివారు వానిని విడువరు. ఆ కవ్వపు త్రాటిని ముత్తవ లాగినది, అవ్వ లాగినది, అమ్మ లాగుచున్నది. ముగ్గురి చేతులు తాకిన చోట కొయ్య అద్దమువలె మెరయును. ఆ మెరుపును అంగడివాడు ఇయ్యజాలడు.

ఇట్టి సొమ్మును గూర్చి తెలిసికొనగోరువారు మైదానములనే గాక కొండలను గూడ చూడవలెను. ఏలయన, కొండయింటిలో వస్తువులు మిక్కిలి తక్కువ. తక్కువగా నున్న చోటనే ఒక్కొక్క వస్తువు విలువ తేటపడును.

విశాఖపట్టణమునకు వాయవ్యముగా సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమల నడుమ, అరకులోయ యున్నది. సముద్రమట్టమునకు అది దాదాపు 900 మీటర్ల యెత్తు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది చేరినది. లోయచుట్టును గల కొండలలో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, గదబలు, కోందులు, కొండకమ్మరులు మొదలగువారు నివసించుచున్నారు. ఈ కొండలు ఆంధ్రదేశపు టెల్లతో ఆగిపోవు. అవే పంక్తులు ఒడిషాలోని కోరాపుట్ సీమలోనికి సాగును. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఆ సీమయు విశాఖపట్టణము జిల్లాలోనిదే. కావున ఎల్ల కిరువైపుల నున్న గదబలకును, కోందులకును నగలొకటియే, పనిముట్లొకటియే, పెండ్లి మర్యాదలును చాలవర కొకటియే.

కొండయింటి సామగ్రిలో మొదట చెప్పదగినది ఆనపబుర్ర. చోడి అంబలిని పొలమునకు కొనిపోవుట కిది సాధనము. సరియైన యాకృతి గల కాయను తీగెమీదనే బాగుగ ముదురనిత్తురు. పిదప కోసి, మెడకడ చిన్న రంధ్రము చేసి, లోపల నీరు పోసి యుంచుదురు. కొన్ని దినములకు గుజ్జు కుళ్లి మెత్తబడును. గింజలతో గూడ దానిని బయటకు పోసి, కడిగి, ఎండబెట్టి, పొయ్యిమీది అటకనుండి వ్రేలగట్టుదురు. పొగ పట్టిన బుర్రను పురుగు ముట్టదు. క్రమక్రమముగా అది గోధుమవన్నెకును, తరువాత నల్లని నిగారింపునకును తిరుగును. పగులనంతవరకు బుర్ర అనేక వత్సరములు పనికివచ్చును. దానికి కొనుగోలు వెల లేదు. కాని రంధ్రము నెంత చేయవలెనో, పొగకు ఎంత యెత్తున కట్టవలెనో తెలిసినవారు చేసినదే మన్నును. మంచిపనికి ఖరీదైన సరకు అవసరము లేదనుట కిది చాలును.

ఇక గదబల యింటికి పోవుదము. గదబలలో రెండు తెగలవారు రెండు భాషలు పలుకుదురు. ఒకరిది ముండా కుటుంబపు భాష, మరియొకరిది ద్రావిడభాష. పేరొకటి, మాట రెండు. గదబస్త్రీల వేషము పూర్వమునుండి చూపరుల కన్నుల నాకర్షించినది. మెడను బరువైన లోహపు కడియములు, చెవులకు భుజములను తాకునంతటి ఇత్తడితీగె చుట్లు, నడుమున చారల వస్త్రము - ఇవి వారి గురుతులు. మద్రాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు అధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులముల గ్రంథములో ఈ చెవిచుట్లను, ఈ వస్త్రమును వర్ణించియున్నాడు. మెడకడియము దినమున కొకసారి తీసి పెట్టెలో దాచునది కాదు. కమ్మరి దానిని విప్పి మెడకు తొడిగి మరల బిగించును. పనిలోను, నిద్రలోను అది దేహముతోనే యుండును. పట్టణములలో విలువైన నగను ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేయుదురు. గదబస్త్రీ తన సొమ్మును తన మెడనే దాచుకొన్నది!

ఆమె కట్టుకొను చారల వస్త్రమునకు కెరంగు అని పేరు. అది ప్రత్తిది కాదు, పట్టుది కాదు. అడవిలో పెరుగు చెట్టునారతో నేసినది. కొమ్మల పట్టను ఒలిచి, ఎండనిచ్చి, మెత్తబడునట్లు మోది, నారను వేరుచేసి, పురి పెట్టి దారము తీయుదురు. ఆ దారమునకు రంగులద్ది, వెదురుబద్దలతో కూర్చిన చిన్న మగ్గముపై, స్త్రీలే నేలపై కూర్చుండి నేయుదురు. అంచు తెల్లన, దాని ప్రక్క నీలము, నడుమ ఎఱ్ఱగోధుమవన్నె, అక్కడక్కడ సన్నని చారలు. ఇంతే దాని యలంకారము. కాని చారకు చారకు నడుమ నుండవలసిన యెడము, రంగు తరువాత రంగు వచ్చు క్రమము ఏ కాగితముమీదను వ్రాసిపెట్టినవి కావు. తల్లి నేయుచుండగా కూతురు చూచి నేర్చుకొన్నవి. తన కెరంగును తాను నేయలేని కన్యను గదబయువకుడు పెండ్లాడడని పూర్వము చెప్పుకొనెడివారు. ఈ నియమము కఠినముగా తోచవచ్చును. ఐనను, దానివలననే ఆ విద్య ప్రతి యింటను ఒక్కొక్క తరమునకు తప్పక అందినది.

ఈ వస్త్రమునుగూర్చి గదబలలో నొక కథ గలదు. సీతారాములు దండకారణ్యమున సంచరించునపుడు సీత నారవస్త్రము ధరించియుండెను. దారిలో నెదురైన గదబస్త్రీలు ఆ వస్త్రమును చూచి నవ్విరట. సీత నొచ్చుకొని, "మీరును ఇట్టి వస్త్రమునే కట్టుదురు గాక" అని శపించెనట. కథ శాపముతో ముగియుచున్నది గాని, శాపముగా వచ్చిన దానిని ఆ స్త్రీలు ఎంత యందముగా మలచుకొనిరో కథ చెప్పదు. అది వస్త్రమును చూచిన తెలియును. శిక్షగా కట్టుకొన్న గుడ్డకు ఎవరును మూడు రంగుల చారలు తీర్పరు.

లోహము నిలుచును, నార శిథిలమగును. నూరేండ్ల కడియము కానవచ్చును. నూరేండ్ల కెరంగు ప్రదర్శనశాల గాజుపెట్టెలో తప్ప కానరాదు. కావున గదబల యింట తల్లి కూతురున కిచ్చినవి రెండు విధములు. కడియమును వస్తువుగనే యిచ్చినది. కెరంగును మాత్రము పనితనముగ నిచ్చినది. రెండవ విధపు సొమ్మును దొంగ యెత్తుకొనిపోలేడు, చెదలు తినలేవు. కాని ఒక్క తరము నేర్చుకొనుట మానినచో అది మాయమగును. నేడు కొండలలో సంతచీరలు చౌకగా దొరకుచున్నవి. చెట్టునార తీసి కెరంగు నేయగలవారు మిక్కిలి కొద్దిమంది. ఒక్క చీరను నేయుటకు పట్టు దినములను లెక్కించినచో సంతచీర కొన్నవారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

గదబలకు కడియ మెట్టిదో, కోందులకు ఇత్తడిబొమ్మ యట్టిది. అరకు ప్రాంతమునందును కోందులు గలరు. వారి భాషలలో నొకటియైన కువి ఈ కొండలలో వినబడును. ఈశాన్యముగా పోయిన కొలది, పూర్వపు గంజాము కొండలలో వారి సంఖ్య హెచ్చు. అచ్చటి కోందుల యిండ్లలో ఏనుగులు, గుఱ్ఱములు, జింకలు, నెమళ్లు, చేపలు, తాబేళ్లు, బల్లులు మున్నగు ఇత్తడి రూపములు తరతరములుగా నుండెడివి. ఇవి అరచేతిలో పట్టునంతటివి. పెండ్లి సమయమున ఇచ్చిపుచ్చుకొను వస్తువులలో వీనికి గౌరవస్థానము. పెండ్లికూతురుతో గూడ ఒక యింటినుండి మరియొక యింటికి ఇవి ప్రయాణము చేసెడివి.

పెండ్లికి ఇత్తడిజింక యేల? ధాన్య మీయరాదా? ధాన్యము పురుగు పట్టును. పశువు వ్యాధికి చచ్చును. భూమి కొండలలో నొక్కని సొత్తుగా నుండుట అరుదు. ఇత్తడి యొకటియే కుళ్లనిది, చావనిది, పొగలో నల్లబడినను తోమగానే పచ్చనగునది. కరవు వచ్చినపుడు కుదువ పెట్టదగినది. కావున అది యలంకారమే గాక, ఆపదలో నాదుకొను నిధి గూడ. మన మైదానపు తల్లులు కూతురునకు బంగారు గాజులు పెట్టి పంపుటలోని ఆలోచనయు నిదియే.

ఈ రూపములను కోందులు తమంతట తాము చేసికొనువారు కారు. పోతపనియే వృత్తిగా గల కుటుంబములు ఊరూర తిరిగి, కొలిమి పెట్టి, చేసి యిచ్చెడివి. ఆ పని జరుగు విధము తెలిసికొనదగినది. దీనిని మైనపుపోత యందురు; దేశమున పలుచోట్ల డోక్రా యనియు పిలుతురు.

మొదట బంకమన్నును, ఊకను, పేడను కలిపి పిసికి, కావలసిన రూపమునకు లోపలి దిమ్మ చేయుదురు. జింక కావలసినచో జింకవంటి మట్టిముద్ద. ఇది నెమ్మదిగా నీడలో ఆరవలెను. తొందరపడి యెండలో పెట్టినచో పగులును. పిదప తేనెమైనమును, సాలవృక్షపు గుగ్గిలమును, కొంచెము నూనెను కలిపి కాచి చల్లార్తురు. ఈ ముద్దను చిల్లుగల గొట్టములో పెట్టి నొక్కగా, జంతికలగొట్టమునుండి పిండివలె, సన్నని మైనపుదారము దిగును. ఆ దారమును మట్టిదిమ్మచుట్టును వరుసగా, ఖాళీ లేకుండ చుట్టుదురు. కన్నులు, కొమ్ములు, మెడలోని పట్టెడ, వీపుమీది గీతలు అన్నియు మైనపుదారముతోనే తీర్చుదురు. ఇత్తడిబొమ్మపై తీగెచుట్లవలె కనబడు రేఖలకు మూలమిదియే.

మైనపురూపము సిద్ధమైన పిదప దానిపై మెత్తని మన్నును పలుచగా పూయుదురు. ఈ మొదటి పూతయే ప్రాణము. మన్ను నలిగి నలిగి పిండివలె నున్నగాని మైనముపై గల సన్నగీతలు మన్నులో ముద్రపడవు. దానిమీద ఊక కలిపిన ముతకమన్నును దళసరిగా మెత్తి, లోహము పోవుటకు దారి విడుతురు. ఇప్పుడు దీనిని కాల్చవలెను. తేనెమైనము సుమారు 63 డిగ్రీల వేడికే కరగును. కరగి బయటకు పోవును, మన్నులో నింకును, మండిపోవును. ఎట్లైనను లోపల మైనమున్న చోటు శూన్యమగును. ఇత్తడి కరగుటకు దాదాపు 900 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. తిత్తులతో నిప్పును రాజవేసి, లోహపు ముక్కలను కరగించి, ఆ శూన్యములోనికి పోయుదురు. చల్లారిన పిదప మట్టియచ్చును పగులగొట్టుదురు. లోపల జింక యుండును. కాలు విరిగియు నుండవచ్చును! గాలిబుడగ చేరిన చోట లోహము నిండదు. అప్పుడు మరల మొదటినుండి చేయవలసినదే.

ఈ పద్ధతిలో నొక విశేషమున్నది. ఒక్క బొమ్మకు ఒక్క అచ్చు. బొమ్మ రావలెనన్నచో అచ్చు పగులవలెను, మైనము నశింపవలెను. కావున ఒకదానివంటిది మరియొకటి యుండదు. అక్కచెల్లెండ్రిద్దరకు ఒకే కొలిమిలో పోసి యిచ్చిన నెమళ్లు గూడ మెడవంపులో భేదించును. ఏ నెమలి ఎవరి యింటిదో చూడగానే చెప్పవచ్చును.

మరియొక విశేషము లోహమునుగూర్చినది. పోతపనివారు గనినుండి కొత్త లోహమును తెచ్చువారు కారు. పగిలిన చెంబు, అరిగిన గంట, విరిగిన కడియము - ఇవియే వారికి ముడిసరకు. ముత్తవ చెంబు సొట్టలుపడి చిల్లు పడినది. అది కొలిమిలో కరగి మునిమనుమరాలి పెండ్లికి నెమలియైనది. రూపము పోయినను లోహము ఆ యింటనే నిలిచినది. మట్టికుండకు గాని, కెరంగునకు గాని ఈ పునర్జన్మ లేదు.

మైనపుపోత ఈ కొండలకే పరిమితమైనది కాదు. సింధుతీరమున మొహెంజొదారోలో 1926లో దొరకిన నర్తకి విగ్రహము ఈ విధముగా పోసినదే. దాని యెత్తు 10.5 సెంటీమీటర్లు, వయస్సు నాలుగువేల యేండ్లకు పైమాట. ఒక చేయి నడుముపై నుంచి నిలిచిన ఆ బాలిక రెండవ చేతినిండ గాజులున్నవి. తెలంగాణములోని ఆదిలాబాదు సీమలో ఓజులనువారు నేటికిని ఈ పని చేయుచున్నారు. వారి డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరుతో వేరొక చోటివారు సరకు అమ్మరాదని దాని భావము.

ఆదిలాబాదు పేరెత్తినందున అచ్చటి గోండుల ఆచార మొకటి చెప్పవలసియున్నది. గోండుల వంశములకు వంశదేవత గలదు. ఆ దేవతకు గురుతులుగా ఇనుప బల్లెపుమొనయు, చామరమును, గంటలును ఉండును. ఇవి ఏ యొక్కని సొత్తును గావు, వంశమంతటిది. ఒకడు కాచును, అందరు కొలుతురు. కాచువాడు గతించిన పిదప ఆ వంశమువాడే యొకడు ఆ భారము వహించును. పంచుకొనరాదు, అమ్మరాదు. మన యిండ్లలో అన్నదమ్ములు వేరుపడునపుడు పాత గంగాళ మెవరిదని కలహించుట వినుచున్నాము. గోండులు ఆ కలహమునకు మూలమునే తీసివేసిరి.

కొన్ని సొమ్ములను కదలింపనే లేము. గదబల యూళ్లలో రాళ్లు పేర్చిన సమావేశస్థలము లుండును. గతించిన పెద్దలకొరకు దున్నలను బలియిచ్చి, నిలువురాళ్లు నాటి, గొప్ప కర్మ జరుపుట వారి పూర్వాచారము. ఆ రాళ్లపై కూర్చుండియే ఊరిపెద్దలు తగవులు తీర్చెడివారు. తాతల రాయి ప్రక్కన కూర్చుండి అబద్ధమాడుట సులభము కాదు! 1943లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు గదబల, బోండోల శిలాసంస్కారములనుగూర్చి విపులముగా వ్రాసినాడు.

అటు పిమ్మట పండ్రెండేండ్లకు, 1955లో, మాచకుండు జలవిద్యుత్కేంద్రము ప్రారంభమైనది. ఆంధ్రమునకును ఒరిస్సాకును దానివలన వెలుగు వచ్చినది. ఆ నదిపై కట్టిన జలాశయమున కొండవారి పొలములు, ఊళ్లు మునిగినవి. లేచిపోవలసివచ్చిన కుటుంబము కడియములను మెడనే ధరించి పోవచ్చును. ఇత్తడిని మూటగట్టుకొనవచ్చును. విత్తనములను బుర్రలో పోసికొనవచ్చును. తాతల రాయిని మాత్రము కావడిలో పెట్టుకొని పోలేరు. నష్టపరిహారపు పట్టికలో పొలమునకు వెల గట్టవచ్చును, చెట్టునకు కట్టవచ్చును; నిలువురాతికి ఏ అధికారి యెంత వెల వ్రాయగలడు?

నీరు ముంచనివానిని సంత ముంచినది. 1960లలో బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై కొత్తవలస - కిరండూల్ రైలుమార్గము అరకుమీదుగా వేసిరి. రోడ్డు బాగుపడినది. సత్తుగిన్నెలు, తరువాత ప్లాస్టిక్ బిందెలు కొండ యెక్కినవి. అవి తేలిక, దూరపు ఊటనుండి నీరు మోయు స్త్రీకి తేలికతనము చిన్న విషయము కాదు. ఇత్తడిబిందె మూల చేరినది. మూల చేరిన వస్తువునకు కొనువాడు తప్పక వచ్చును. ఒకడు తూకమునకు కొని కరగించుటకు కొనిపోవును. ఇంకొకడు పాతవస్తువుల మోజుగల పట్టణవాసికి అనేక రెట్లు వెలకు అమ్ముటకై కొనిపోవును. వైద్యునకో, బడికో పైకము కావలసిన తండ్రి తూకపు వెలకే యిచ్చివేయును. అతడు అమ్మినది ఎంతటిదో అతనికి తెలియక కాదు. తెలిసియు వేరు దారి లేక.

1972లో భారతప్రభుత్వము పురావస్తువులనుగూర్చి యొక చట్టము చేసినది. నూరేండ్లకు మించిన విగ్రహములు, లోహపుపనులు మొదలగువానిని ఎవరును స్వేచ్ఛగా విదేశములకు పంపరాదని అది శాసించినది. ఇంటిలో ఉంచుకొనుటకు అడ్డులేదు. 1996లో అరకులోయలో గిరిజన ప్రదర్శనశాల వెలసినది. అందు కొండవారి నగలు, పనిముట్లు, వాద్యములు చూడవచ్చును. దూరమునుండి వచ్చినవారికి అది మేలైన పాఠశాల. కాని గాజుపెట్టెలోని కడియమునకు మెడ లేదు. దానిపై "లోహపు కంఠాభరణము" అని చీటి యుండును. అది యెవరి మెడను నిలిచినది, ఏ పెండ్లికి వచ్చినది అను విషయములు చీటిలో పట్టవు. ఇంటిలో ఉన్నంతకాలము ఆ కథను అవ్వ చెప్పును. కావున తమ యింట పాతవస్తువున్న పిల్లలు అవ్వను అడిగి, చేసినవారెవరు, తెచ్చినవారెవరు, ఎప్పుడు బాగుచేయించిరి అను సంగతులను ఒక పుస్తకములో వ్రాసి ఉంచుట మంచిది. అవ్వ యుండగనే యడుగవలెను.

వస్తువును కాపాడు విధములును తెలిసియుండవలెను. నిత్యము వాడు ఇత్తడిని చింతపండుతో తోమినచో మెరయును. చింతపండులోని పులుపు పైకిలుమును కరగించును. ఐనను పులుసులు, మజ్జిగ కళాయి లేని ఇత్తడిలో నిలువ యుంచరాదు; చిలుము పుట్టి రుచి చెడుటయే గాక ఆరోగ్యమునకు హాని. పాత పోతబొమ్మను మాత్రము ఇసుకతోను బూడిదతోను రుద్దరాదు. వత్సరములతరబడి ఏర్పడిన ముదురువన్నె పొర లోపలి లోహమునకు కవచము వంటిది. దానిని రుద్ది తీసినచో మైనపుదారపు సన్నరేఖలును అరిగిపోవును. పొడిగుడ్డతో తుడిచి, చెమ్మ లేని చోట నుంచుట చాలును. కొయ్యసామాను, బుర్రలు పొయ్యి చెంత నుండుటయే మేలని కొండవారికి ఏనాడో తెలియును. వాడని వస్త్రమును ఒక్క మడతమీదనే యేండ్లతరబడి యుంచినచో ఆ మడతకడనే చినుగును. అప్పుడప్పుడు మడత మార్చవలెను.

దాచుటవలన గాక, వెదజల్లుటవలననే నిలుచు సొమ్ము కూడ నొకటి గలదు. అది విత్తనము. కోరాపుట్ సీమ వరివంగడములకు ప్రసిద్ధి. అచ్చటి పత్రాపుట్ గ్రామపు గిరిజనస్త్రీ కమలా పూజారి పూర్వపు వరిరకములను పెక్కింటిని ఊరూర సేకరించి, నాటి, కాపాడినది. జయపురములోని స్వామినాథన్ పరిశోధన సంస్థ ఆమె కృషికి తోడుపడినది. 2019లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చినది. 2024లో ఆమె గతించినది. ఆ సంవత్సరముననే ఆ సీమలో పండు కాలాజీరా అను సువాసనగల నల్లని వరికి భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మను నూరేండ్లు పెట్టెలో నుంచిన బొమ్మగనే యుండును. విత్తనము నట్లుంచిన మొలకెత్తదు. వెంటవెంటనే పొలములో చల్లవలెను, పండిన దానిలో మంచికంకులు ఏరవలెను, కొంత పొరుగువారికిని ఈయవలెను. తన పంట పోయిన యేట మరల వారియొద్దనుండి తెచ్చుకొనవచ్చును.

కొండలలోని వాద్యములును కొంతవరకు విత్తనముల వంటివే. చైత్రమాసమున ఇటుకల పండుగకు అరకు పల్లెలలో థింసా నృత్యము జరుగును. స్త్రీలు ఒకరి నడుమును వెనుకనుండి మరియొకరు చేతులతో చుట్టి, వరుసగా నిలిచి, అడుగులు కలుపుచు తిరుగుదురు. మోరి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మ్రోగును. తుడుము గిన్నెయాకారపు వాద్యము. దానిపై తోలు బిగించియుందురు. కఱ్ఱలదెబ్బకు తోలు చినుగును, వానకాలపు చెమ్మకు సడలును. చినిగినపుడు కొత్తతోలు వేయుదురు. మరల చినుగును, మరల వేయుదురు. గిన్నె మాత్రము మారదు. తాత వాయించిన గిన్నెపై మనుమడు వేయించిన తోలు!

మ్రోయించుటకు ముందు వాద్యకారులు ఎండుగడ్డి రాజవేసి తోలును కాచుదురు. వేడికి తోలు బిగియును. వ్రేలితో మీటి చూతురు. శబ్దము మందముగా నున్నచో మరల కాచుదురు. ఎంత కాచవలెనో పెద్దలకు చెవికే తెలియును. ఎక్కువైనచో తోలు పగులును. గడ్డి అందించుచు, మంట హెచ్చకుండ తగ్గకుండ చూచుచు ప్రక్కన కూర్చుండు పిల్లలు ఆ శబ్దమును వినుచుందురు.